సముద్రం లేని ఊళ్ళో పగడాల దిబ్బ

మీ ఇంట్లో అటక మీదో, మంచం కిందో ఒక సంచి ఉంటుంది. అందులో రంగురంగుల క్విల్లింగ్ కాగితపు పట్టీల ప్యాకెట్టు, మూత బిగుసుకుపోయిన జిగురు సీసా, ఒక కత్తెర, ఒక సగం నెమలి. నెమలికి తల వచ్చింది, మెడ వచ్చింది, పింఛంలో నాలుగు కళ్ళు కూడా వచ్చాయి. మిగతాది ఆదివారం చేద్దామనుకున్నారు. ఎన్ని ఆదివారాలు పోయాయి?

ఇంతకుముందు ఎవరైనా మీకు "పట్టుదల లేదు, అందుకే ఏదీ పూర్తి చెయ్యవు" అని చెప్పి ఉంటే ఆ మాట కాసేపు పక్కన పెట్టండి. నెమలిని ఎంచుకోవడంలోనే చిక్కుంది. సగంలో ఆగిన నెమలి ఎప్పటికీ సగం నెమలే. తొండం అతికించని వినాయకుడు వినాయకుడు కాడు. ఇలాంటి బొమ్మలకు ఒకేసారి నాలుగైదు గంటల తీరిక కావాలి. మనలో ఎంతమందికి అంత తీరిక ఒక్కసారిగా దొరుకుతుంది?

ముక్కలు ముక్కలుగా దొరికే సమయానికి, ముక్కలు ముక్కలుగా పెరిగే వస్తువే సరిపోతుంది. అలాంటి వస్తువు పగడాల దిబ్బ. కాగితంతో చేసిన ఐదు గిన్నెలు దగ్గరగా అతికిస్తే ఒక చిన్న గుత్తి. యాభై అతికిస్తే పళ్ళెమంత పగడం. అయిదొందలైతే గోడ. ఎక్కడ ఆపినా అక్కడికి పూర్తయినట్టే కనిపిస్తుంది, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ మొదలుపెట్టినా అతుకు తెలియదు. అసలు పగడం పెరిగేదీ ఇలాగే. దిబ్బలు కట్టే చాలా జాతుల్లో ఒక్కో జీవి కొన్ని మిల్లీమీటర్లకు మించదు. దాన్ని పాలిప్ అంటారు. అది తన కింద సున్నపురాయితో ఒక గిన్నె కట్టుకుంటుంది, తన పక్కనే ఇంకో పాలిప్‌ను మొలిపిస్తుంది. అదీ గిన్నె కట్టుకుంటుంది. మొత్తం దిబ్బకు ప్లాను గీసినవాళ్ళు ఎవరూ లేరు.

"మాది హోసూరండీ, పగడమంటే జోస్యుడు ఉంగరంలో పెట్టుకోమన్న ఎర్ర పూస తప్ప ఇంకేం తెలుసు?" అంటారా? న్యాయమే. ఆ ఎర్ర పగడానికి పేరుపడ్డది మధ్యధరా సముద్రం, ఆ పగడం దిబ్బలు కట్టే జాతి కూడా కాదు. మన తమిళనాడులో పగడాల దిబ్బలు చూడాలంటే రామేశ్వరానికీ తూత్తుకుడికీ మధ్య ఉన్న మన్నార్ సింధుశాఖకు వెళ్ళాలి. అక్కడి 21 దీవులనూ చుట్టూ ఉన్న సముద్రాన్నీ కలిపి 1986లో జాతీయ పార్కుగా ప్రకటించారు. వెళితే కళ్ళారా చూసి రండి, ఒడ్డున దొరికిన చిన్న ముక్కైనా సంచిలో వేసుకోకండి. 2001 నుంచి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూల్ కూడా అదే.

వెళ్ళలేకపోతే? మీ పోపుల పెట్టె తెరవండి.

1. కత్తెర కన్నా ముందు కూరగాయల సంచి

బిర్యానీకో కుర్మాకో వేసే రాతిపువ్వు తెలుసుగా? కల్పాసి అనండి, కల్లుహూవు అనండి, మీ ఇంట్లో ఏ భాష నడిస్తే ఆ పేరు. ఒక ముక్క తీసి అరచేతిలో పెట్టుకుని ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూడండి. అంచులు ఎలా మడతలు పడ్డాయో, ఆ మడతలు ఒకదాని మీద ఒకటి ఎలా ఎక్కాయో గమనించండి. ఆకుల పగడం ఫొటో ఒకటి వెతికి పక్కన పెట్టుకుని చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. పోలిక పైపైది మాత్రమే అనుకోకండి. రాతిపువ్వులో ఒక శిలీంధ్రమూ ఒక ఆల్గే జాతీ కలిసి కాపురం చేస్తాయి. పగడంలో పాలిప్ అనే జంతువూ దాని ఒంట్లోని సూక్ష్మమైన ఆల్గేలూ కలిసి బతుకుతాయి. రెండు చోట్లా తిండి వండేది ఆల్గేలే, ఎండతో. వాటికి వెలుగు అందాలంటే ఒళ్ళు వెడల్పుగా పరుచుకోవాలి. బండమీదైనా, నీళ్ళలోనైనా.

మన కృష్ణగిరి జిల్లాలో బండరాళ్ళకు కొదవ లేదు. ఎండిపోయిన బూడిద రంగు మచ్చల్లా రాళ్ళమీద కనిపించేవి కూడా ఈ కుటుంబానివే. ఈసారి చంద్రచూడేశ్వరుడి కొండ ఎక్కినప్పుడు దర్శనం అయ్యాక ఓ పది నిమిషాలు బండల దగ్గర ఆగండి.

తర్వాత మార్కెట్టు. హోసూరు పూల మార్కెట్టులో అందరి కళ్ళూ గులాబీల మీదే ఉంటాయి. మీరు కోడిజుట్టు పువ్వు అడగండి. సీతమ్మ జడ అన్నా అదే. ముదురు ఎరుపులో మెలికలు తిరిగిన ఆ పువ్వు అచ్చం మెదడు పగడమే. మామూలు పువ్వు కాండం ఒక మొన దగ్గర పెరుగుతుంది. దీనిలో ఆ మొన సాగి గీతలా మారుతుంది, గీత పొడవునా పెరిగేసరికి చోటు చాలక మెలికలు పడుతుంది. కాలీఫ్లవర్ విడదీస్తే పెద్ద గుత్తిలో చిన్న గుత్తి, అందులో ఇంకా చిన్నది. క్యాబేజీని అడ్డంగా కోసి చూడండి. పుట్టగొడుగును తిరగేసి చూడండి. వంట కాస్త ఆలస్యమవుతుంది, ఫరవాలేదు.

ఇప్పుడు ఒక చిన్న పని. మీరు చూసిన మూడు వస్తువులకు మూడు వాక్యాలు రాయండి. ఎలా ఉందో రాయొద్దు, ఎలా పెరుగుతుందో రాయండి. "అంచు మధ్య భాగం కంటే త్వరగా పెరుగుతుంది." "ప్రతి కొమ్మా చివర రెండుగా చీలుతుంది." "ఒకే గిన్నె, పక్కపక్కన, మూడు సైజుల్లో." ఈ వాక్యాలే మీ డిజైను. బొమ్మ గీయడం రాదని బెంగపడేవాళ్ళకు ఇది నేను చెప్పే మంచి వార్త: ఈ పనిలో బొమ్మ గీయనక్కర్లేదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, ఇంటర్నెట్‌లో కనిపించిన ఒక పూర్తయిన శిల్పాన్ని పెట్టుకుని దాన్నే చూసి చెయ్యబోవడం. ఫ్రాన్స్‌లో ఉండి పనిచేసే రోగన్ బ్రౌన్ అనే కళాకారుడున్నాడు. తెల్ల కాగితాన్ని సన్నని బ్లేడుతో, కొన్నిసార్లు లేజర్‌తో కోసి, పొరల మీద పొరలు పేర్చి పగడాలనూ సూక్ష్మజీవులనూ తలపించే రూపాలు చేస్తాడు. ఒక్కో పనికి నెలలు పడుతుంది. దాన్ని మీ మొదటి వారంతో పోల్చుకుంటే ఏమవుతుంది? సంచి మళ్ళీ అటకెక్కుతుంది.

2. ఒకే కాగితం, ఒకే ముక్క

మొదటి దిబ్బకు ఒకే రకం కాగితం, ఒకే ఆకారం పెట్టుకోండి. మొదటి నెల ఇంతే.

ఏ కాగితం? జిరాక్స్ కాగితం 70–80 జీఎస్ఎం ఉంటుంది. చుట్టడానికి, చిన్న గిన్నెలకు అది బాగుంటుంది. నిలబడాల్సిన వాటికి 120–150 జీఎస్ఎం డ్రాయింగ్ షీటు. అంతకు మందమైతే మడతపెట్టిన చోట పగులుతుంది. వార్తాపత్రిక లోపలి ఆకారానికి వాడుకోవచ్చు, పైకి కనిపించే చోట వద్దు. ఆ కాగితంలో చెక్కలోని లిగ్నిన్ ఉండిపోతుంది, ఎండ తగిలితే పసుపెక్కుతుంది. కొనే ముందు మీ వీధిలో పెళ్ళి పత్రికలు అచ్చువేసే ప్రెస్సు ఉంటే వెళ్ళి అడగండి, "అన్నా, కటింగ్‌లో పోయే అంచు ముక్కలు ఉంటే ఇస్తారా?" అని. మంచి మందపు కాగితం, సన్నని పట్టీలుగా, ముందే కోసి దొరుకుతుంది. నచ్చినవాళ్ళు తర్వాత బెంగళూరు సుల్తాన్‌పేటకో అవెన్యూ రోడ్డుకో వెళ్ళి మనసు తీరా కొనుక్కోవచ్చు. పుదుచ్చేరిలో 1959 నుంచి చేతితో కాగితం తయారుచేస్తున్న అరవిందాశ్రమం వారి ఫ్యాక్టరీ ఉంది, ఆ కాగితం ముట్టుకుంటే వదలబుద్ధి కాదు. కానీ అది రెండో దిబ్బకు.

కాగితానికి పడుగు దిశ ఒకటుంటుంది. ఒక పాత పేపరు తీసుకుని నిలువుగా చింపండి, తర్వాత అడ్డంగా చింపండి. ఒకవైపు తిన్నగా చిరుగుతుంది, ఇంకోవైపు వంకరపోతుంది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నార యంత్రం నడిచే వైపుకు వాలి ఉండటమే కారణం. గొట్టం చుట్టేటప్పుడు ఆ తిన్నని దిశ గొట్టం పొడవు వెంట వచ్చేట్టు చూసుకోండి, కాగితం చెప్పిన మాట వింటుంది. అడ్డదిశలో చుడితే గొట్టం నలుగుతుంది, మీరు మీ చేతిని తిట్టుకుంటారు. చేతితో చేసిన కాగితంలో నార అన్ని వైపులా ఉంటుంది కాబట్టి ఈ పేచీ దాదాపు ఉండదు.

ఇక ముక్క. ఆరు సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల వెడల్పు పట్టీ. పొడవాటి అంచు వెంట పదకొండు చోట్ల, సెంటీమీటరు లోతున, కత్తెరతో కోతలు, పన్నెండు వేళ్ళు వస్తాయి. పట్టీని పెన్సిలు చుట్టూ చుట్టి అంచు అతికించండి. పెన్సిలు లాగేసి, పైనున్న వేళ్ళను ఒక్కొక్కటీ కత్తెర అంచు మీదుగా బయటికి వంచండి. ఇదే మీ పాలిప్. పన్నెండే ఎందుకు? గట్టి పగడాల పాలిప్‌లకు చేతులు ఆరో, ఆరు గుణకాల్లోనో ఉంటాయి. మెత్తని పగడాలకు ఎనిమిది. లెక్క తప్పితే ఎవరూ అడగరు, కానీ తెలిసి చేస్తే చేతికి ఒక క్రమం వస్తుంది.

మొదటి పది ముక్కలు వంకరగా వస్తాయి. వాటిని పారెయ్యకండి. దిబ్బలో అడుగున, అంచుల్లో, పెద్దవాటి వెనకాల పెట్టడానికి అవే కావాలి.

3. కుచ్చిళ్ళ కిటుకు

ఆకుల పగడానికి, రాతిపువ్వుకు, కోడిజుట్టుకు ఉన్న ఆ కుచ్చు కాగితంలో ఎలా వస్తుంది? చాలామంది కాగితాన్ని నలుపుతారు, గోటితో మడతలు పెడతారు. నలిగిన కాగితం నలిగినట్టే కనిపిస్తుంది, పెరిగినట్టు కనిపించదు. కిటుకు మడతలో లేదు, కోతలో ఉంది.

ఒకే సైజు సమబాహు త్రిభుజాలు కొన్ని కోసుకోండి. ఐదింటిని ఒక మూల చుట్టూ కలిపి అతికిస్తే గోపురం లేస్తుంది. ఆరు అతికిస్తే బల్లపరుపు. ఏడోది ఇరికించి చూడండి. కాగితానికి చోటు చాలదు, కిందికీ పైకీ ఊగి కుచ్చు పడుతుంది. మీరేమీ వంచలేదు. అంచు ఎక్కువైంది, అంతే. ఒక చెయ్యి పిల్లలదైతే ఈ ప్రయోగం ఇంకా బాగుంటుంది, వాళ్ళు ఎనిమిదోది కూడా పెడదామంటారు. పెట్టనివ్వండి.

దిబ్బకు పనికొచ్చే సులువైన పద్ధతి ఇది. పెద్ద మూత పెట్టి ఒక వృత్తం, దాని మధ్యలో గాజు పెట్టి ఇంకో వృత్తం గీయండి. మధ్యది తీసేస్తే చక్రం మిగులుతుంది. ఒకచోట కోసి తెరవండి. ఇప్పుడు లోపలి అంచును ఒక తిన్నని గీత మీద నిలబెట్టి కొద్దికొద్దిగా అతికించుకుంటూ పొండి. లోపలి అంచు తిన్నగా సాగుతుంటే బయటి అంచు పొడవు ఎక్కువై అలలు పోతుంది. ఇలాంటివి మూడు నాలుగు దగ్గర దగ్గరగా నిలబెడితే చాలు, చూసినవాళ్ళు "ఇది ఎలా మడిచావు?" అని అడుగుతారు.

గణితంలో ఇలాంటి తలాలను అతిపరావలయ తలాలంటారు, అంటే అంచుకు పోయేకొద్దీ ఉండాల్సినదానికంటే ఎక్కువ జాగా ఉండే తలాలు. 1970ల్లో విలియం థర్‌స్టన్ అనే అమెరికన్ గణితవేత్త కాగితపు పట్టీలు అతికించి వీటి నమూనా చేశాడు. కాగితం చిరిగిపోతోందని 1997లో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమిన్యా అదే నమూనాను క్రోషే సూదితో అల్లింది. ఆ అల్లికను చూసి 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వర్ట్‌హైమ్ అనే అక్కచెల్లెళ్ళు లాస్ ఏంజెలెస్‌లో ఊలుతో పగడాల దిబ్బ అల్లడం మొదలుపెట్టారు. తర్వాత ఎన్నో దేశాల్లో వేలమంది, ఎక్కువగా ఆడవాళ్ళు, తలా ఒక ముక్క అల్లి ఆ దిబ్బను పెంచారు. క్రోషే వచ్చిన అత్తో పిన్నో మీ ఇంట్లో ఉంటే ఆవిడను కూడా పనిలోకి దించొచ్చు. కాగితం పక్కన నూలు అందంగానే ఉంటుంది.

4. జిగురు తక్కువ, ఓపిక ఎక్కువ

తెల్ల జిగురును సీసా నుంచి నేరుగా పిండకండి. మూతలో నాలుగు చుక్కలు వేసుకుని అగరుబత్తి పుల్లతో అద్దండి. అతికించాక ఇరవై లెక్కపెట్టేదాకా పట్టుకోండి. కాగితం తడిసి ఉబ్బిందంటే జిగురు ఎక్కువైందని అర్థం. వానాకాలంలో కాగితం గాలిలో తేమ తాగి మెత్తబడుతుంది, ఆ రోజుల్లో ఇంకా తక్కువ వెయ్యండి, ముక్కలను మూత గట్టి డబ్బాలో ఉంచండి.

గుండ్రని పగడానికి లోపల ఆకారం కావాలంటే కొబ్బరిచిప్ప బోర్లించి, దానిమీద పలచని ప్లాస్టిక్ కవరు కప్పి, మైదా గంజితో వార్తాపత్రిక ముక్కలు ఐదారు పొరలు అతికించండి. రెండ్రోజులు నీడలో ఆరితే చిప్ప నుంచి ఊడివస్తుంది. దాని మీద సెంటీమీటరు వెడల్పు పట్టీలను అంచుమీద నిలబెట్టి మెలికలుగా అతికిస్తే మెదడు పగడం. గంజి ఏ పూటకాపూట కాచుకోండి. పురుగు పట్టకుండా బైండింగువాళ్ళు గంజిలో మైలుతుత్తం కలుపుతారని విని మీరూ కలపబోకండి, అది విషం, ఇంట్లో పిల్లలుంటారు.

బ్లేడు గురించి ఒక్క మాట. పదునైన బ్లేడు కంటే మొండి బ్లేడే ఎక్కువగా వేలు కోస్తుంది. పదును తగ్గితే గట్టిగా నొక్కుతాం, నొక్కితే జారుతుంది. కట్టరు బ్లేడు కొస విరగ్గొట్టడానికి పిసినారితనం పడకండి.

5. పనిని అలసటను బట్టి పంచుకోండి

"రోజుకు అరగంట కేటాయించండి" అని చెప్పడం ఏ పుస్తకానికైనా తేలికే. మీ అరగంటలన్నీ ఒకేలా ఉంటాయా?

సిప్‌కాట్ పారిశ్రామికవాడలో రెండో షిఫ్టు దిగి రాత్రి పదకొండున్నరకు గది చేరే కుర్రాడిని ఊహించుకోండి. అన్నం తిన్నాక నిద్ర రాదు, ఫోన్ పట్టుకుంటే రెండవుతుంది. ఆ సమయంలో అతని చేతికి బ్లేడు ఇవ్వకూడదు. కళ్ళు అలిసి ఉంటాయి. ముందే కోసిపెట్టిన పట్టీలు ఇచ్చి చుట్టమంటే చుడతాడు, ఓ పదిహేను చుట్టేలోగా ఆవలింతలు వస్తాయి. కోసే పని వారాంతపు సెలవు రోజు పొద్దున, వెలుతురులో, టీ తాగాక.

అదే రాయకోటలో రోజూ పిల్లలకు బాక్సులు కట్టి, వాళ్ళు బడికి పోయాక గంట తీరిక దొరికే గృహిణి అయితే? ఆమెకు పగలు కళ్ళు చురుగ్గా ఉంటాయి, కోత అప్పుడే. సాయంత్రం సీరియల్ చూస్తూ వేళ్ళు వంచే పని. ఆ పని చెయ్యడానికి కళ్ళు కూడా అక్కర్లేదు, చెవులు, కళ్ళు రెండూ టీవీకి ఇచ్చేయొచ్చు.

మూడు డబ్బాలు పెట్టుకోండి: కోయాల్సినవి, చుట్టాల్సినవి, అతికించాల్సినవి. కూర్చున్నప్పుడు ఏ డబ్బా తెరవాలో మీ కళ్ళను అడగండి. ఈ ఏర్పాటులో ఒక లాభం ఉంది. కూర్చున్న ప్రతిసారీ "ఇప్పుడేం చెయ్యాలి?" అని ఆలోచించనక్కర్లేదు. చేతిపనులు మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఆ ప్రశ్న దగ్గరే.

వయసు మించిపోయిందంటారా? మేరీ డిలానీ అనే ఇంగ్లీషు ఆవిడ 1700లో పుట్టింది. భర్త చనిపోయాక, 72వ ఏట, రంగు కాగితాన్ని సన్నగా కత్తిరించి నల్లని నేపథ్యం మీద అతికించి పువ్వులు చెయ్యడం మొదలుపెట్టింది. చూపు మందగించే దాకా పదేళ్ళపాటు చేస్తూనే ఉంది. ఆవిడ చేసిన పువ్వులు దాదాపు వెయ్యి ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కేసరాలను కూడా విడివిడిగా కత్తిరించి అతికించిన మహాతల్లి.

6. అతికించే ముందు ఒక రాత్రి ఆగండి

ముక్కలు వందకు పైగా పోగయ్యాయి. చెయ్యి దురద పెడుతోంది. ఇప్పుడే తొందరపడి మధ్యలో పెద్దది, చుట్టూ చిన్నవి, వరసగా, సమానంగా అతికించేస్తారు. పూజలో పీట మీద పెట్టే ముగ్గు వస్తుంది, దిబ్బ రాదు.

అట్టపెట్టె ముక్క ఒకటి అడుగుకు తీసుకోండి. మన ఊళ్ళో గులాబీలు సర్దే అట్టపెట్టెలకు లోటా? ముక్కలన్నీ జిగురు లేకుండా పేర్చండి. మధ్యలో కాకుండా ఒక మూల నుంచి మొదలుపెట్టండి. ఒకచోట కిక్కిరిసి ఉండనివ్వండి, ఇంకోచోట ఖాళీ వదలండి. తర్వాత వెలుగు ఎటునుంచి వస్తుందో నిర్ణయించుకోండి. పగడాల ఒంట్లో ఉన్న ఆల్గేలకు ఎండ కావాలి కాబట్టి పగడాలు వెలుగుకు ఎదురుగా పెరుగుతాయి, లోతున వెలుగు తగ్గే చోట కొన్ని జాతులు పళ్ళేల్లా పరుచుకుంటాయి. మీ గిన్నెలన్నీ కొద్దిగా ఒకే వైపు వాలాలి, అడుగున ఉన్నవి వెడల్పుగా ఉండాలి. ఈ ఒక్క మార్పుతో పేర్చిన ముక్కలు పెరిగిన ముక్కలవుతాయి.

ఫొటో తీసి, నలుపు తెలుపులోకి మార్చి చూసి, పడుకోండి. పొద్దున చూస్తే ఎక్కడ ఇరుకో ఎక్కడ వెలితో చెప్పకుండానే తెలుస్తుంది. అప్పుడు జిగురు.

7. రంగు గురించి నా మొండితనం

మొదటి దిబ్బకు రంగు వద్దు. క్విల్లింగ్ ప్యాకెట్టులో ఇరవై రంగులుంటాయి, ఆ ఇరవై రంగులే చాలా పనులను చెడగొట్టాయని నా గట్టి అభిప్రాయం. తెల్ల కాగితానికి పక్కనుంచి ఒక దీపం పెట్టండి. లోతున్న చోట నీడ నల్లబడుతుంది, పలచని అంచు మెరుస్తుంది, మధ్యలో ఎన్నో బూడిద రంగులు పుట్టుకొస్తాయి. రంగు వేస్తే చాలామటుకు ఇవన్నీ మాయమైపోతాయి, తప్పులు మాత్రం మిగులుతాయి.

అయితే తెల్లని దిబ్బ చేస్తున్నప్పుడు అదేమిటో తెలిసి చెయ్యాలి. బతికున్న దిబ్బ ఎక్కువగా గోధుమ, ఆకుపచ్చ రంగుల్లో ఉంటుంది, చాలావరకు ఆ రంగులు ఆల్గేలవి. వేసవి గరిష్ఠం కంటే సముద్రపు నీరు ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పాలిప్‌లు ఆల్గేలను బయటికి తోసేస్తాయి. అప్పుడు లోపలి సున్నపురాయి తెల్లగా బయటపడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటాయి, తగ్గకపోతే ఆకలితో చనిపోతాయి. మన్నార్ సింధుశాఖలో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. రెండో దిబ్బలో రంగు వాడాలనుకుంటే అక్కడే వాడండి: తెల్లని గుత్తుల మధ్య ఒకే ఒక్క గుత్తి, టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టిన గోధుమ రంగు కాగితంతో. బతికున్నది అదొక్కటే.

8. ఇంట్లో వినపడే మాటలు

"ఈ చెత్తంతా ఎవరు ఊడుస్తారమ్మా?" అని అత్తగారు అంటారు. దానికి జవాబు చెప్పకండి, పెద్ద పళ్ళెం తెచ్చుకోండి. పని అంతా పళ్ళెంలోనే. లేచేటప్పుడు పళ్ళెం సహా ఎత్తి బీరువా మీద పెట్టేయండి. కాగితపు తుంపులు నేల మీద పడకపోతే చర్చే ఉండదు. నెల తర్వాత ఆవిడే వచ్చి "నాకూ రెండు పట్టీలు ఇవ్వు, ఊరికే కూచున్నా" అంటే ఆశ్చర్యపోకండి.

"ఎంతకమ్ముతావు?" అనేది రెండో మాట, ఇది ఎక్కువగా బంధువులది. మొదటి దిబ్బను అమ్మకండి. అది మీ నమూనా, చేతి వేగం ఎంత పెరిగిందో తర్వాత పోల్చుకోవడానికి కావాలి. రెండో దాని నుంచి ఎవరైనా నిజంగా అడిగితే, కాగితం ఖరీదుకు రెట్టింపు అని లెక్క వేసుకోకండి. కాగితం ఖరీదు ఏమంత ఉండదు. ఎన్ని గంటలు పట్టిందో కాగితం వెనక పెన్సిలుతో రాసుకుంటూ ఉండండి. ధర అక్కడి నుంచి రావాలి.

"మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకు ఒకటి చేసిపెట్టు" అనేది మూడోది. అమ్మాయినే పంపమనండి. ఏడు త్రిభుజాలు చేతికివ్వండి.

9. గోడకెక్కించడం

ఫొటో ఫ్రేములు కట్టే షాపులో రెండంగుళాల లోతున్న పెట్టె ఫ్రేము అడిగితే చేసిస్తారు. గాజు కాగితానికి తగలకూడదు. వంటింటి గోడ వద్దు, నూనె ఆవిరి పడుతుంది. నేరుగా ఎండ పడే గోడ కూడా వద్దు. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న బిరడా ముక్కలు అతికిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. చెదలు గోడ నుంచే వస్తాయి కాబట్టి నెలకోసారి దించి వెనకవైపు చూడండి, మట్టి గీత కనిపిస్తే ఆ రోజే తుడిచి వేరే గోడకు మార్చండి. గాజు లేకుండా పెట్టుకున్నవాళ్ళు మెత్తని పెయింటు కుంచెతో, పైనుంచి కిందికి, దుమ్ము దులుపుకోవాలి. తడిగుడ్డ మాత్రం దగ్గరికి రానివ్వకండి.